పడవ ట్రాలీతో ఆరేళ్ళు: డబ్బాలో నిలిచిన సామాను, తుప్పుపట్టి పోయిన సామాను

మాది 17 అడుగుల ఫైబర్ పడవ, 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్. మధురవాడలో ఇంటి పక్క ఖాళీ జాగాలో ట్రాలీ మీదే ఉంటుంది. పార, వంజరం చేపలు ఎటు తగులుతున్నాయని కబురొస్తే అటే ప్రయాణం. ఒక వారం భీమిలి, ఇంకో వారం పూడిమడక. నేనూ మా బావా ఆరేళ్ళుగా దాన్ని బొలెరో వెనకాల కట్టి తిప్పుతున్నాం. గాలం వేటలో మాకు సముద్రం పెట్టిన కష్టం కంటే రోడ్డు మీద ట్రాలీ పెట్టిన కష్టమే ఎక్కువ. ఈ ఆరేళ్ళలో మా రిపేరు డబ్బాలోకి చేరిన సామానులో ఏది పనికొచ్చిందో, ఏది దండగో చెప్తాను.

మొదట చెప్పాల్సింది హబ్బు గురించి, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే భాగం. కొన్న రెండో ఏడు నవంబరులో పూడిమడక బయల్దేరాం. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు వెళ్ళే బైపాస్ మీద, సబ్బవరం దాటుతుండగా తెల్లవారుజామున మూడు గంటలకి బావ గట్టిగా అరిచాడు: "ఆపు, ఆపు! ఏదో కాల్తన్న కంపు కొడతంది." దిగి చూస్తే ట్రాలీ కుడి చక్రం ఒక పక్కకి వాలిపోయి ఉంది. హబ్బు మూత తీస్తే గ్రీజు లేదు, పాలలాంటి తెల్లటి నురగ ఉంది. బేరింగు ముక్కలైంది, దాని లోపలి రేసు, అంటే ఉక్కు కడియం, ఇరుసుకి అతుక్కుపోయింది. మా దగ్గర వీల్ పానా, స్టెప్నీ తప్ప ఏమీ లేవు. తెల్లారాక బావ ఆటోలో అనకాపల్లి వెళ్ళి ఒక బేరింగు తెచ్చాడు, సైజు సరిపోలేదు. మళ్ళీ వెళ్ళాడు. మధ్యాహ్నం అయ్యింది. ఐసు కరిగి నీళ్ళయింది, ఎరకి కొన్న రొయ్యలు పారేశాం.

ఎందుకిలా అయ్యిందో తర్వాత ఒక పెద్ద మెకానిక్కు వివరంగా చెప్పాడు. దూరం నడిచొచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. ఆ వేడి మీదే ట్రాలీని వెనక్కి తోసి నీళ్ళలో ముంచితే హబ్బు ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందులోంచి ఉప్పునీటిని లోపలికి లాక్కుంటుంది. పడవ దించే తొందరలో మేం ప్రతిసారీ చేసిన పని అదే. ఇప్పుడు ఒడ్డుకి చేరగానే అరచెయ్యి వెనక్కి తిప్పి హబ్బుకి ఆనించి చూస్తాను. గోరువెచ్చగా ఉంటేనే నీళ్ళలోకి. లేకపోతే టీ తాగి వచ్చేదాకా ఆగుతాం.

ఆ రోజు నుంచి విడి బేరింగులు పట్టుకెళ్ళడం మానేశాను. రేసులు, బేరింగులు, ఆయిల్ సీలు అన్నీ బిగించి, గ్రీజు కూరి, కవరులో చుట్టిన నిండు హబ్బునే డబ్బాలో పెడతాను. రోడ్డు పక్క చీకట్లో హబ్బులోంచి పాత రేసు కొట్టి దించడం, కొత్తది ఎక్కించడం ఎవరివల్లా కాదు. హబ్బు మొత్తం మార్చడం మాత్రం ఇద్దరు మనుషులుంటే తేలిక. నాలుగో ఏడు తగరపువలస దగ్గర ఎడమ హబ్బు వేడెక్కినప్పుడు ముప్పావుగంటలో మార్చేసి బయల్దేరాం. దాంతోపాటు నాలుగు స్ప్లిట్ పిన్నులు, ఒక ఇరుసు నట్టు, వాషరు, ఒక ఉలి, కిలో సుత్తి ఉండాలి. ఉలి ఎందుకంటే, ఇరుసుకి అతుక్కున్న రేసు దానితో తప్ప ఊడదు. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, తర్వాత వదులు చేసి, వేళ్ళతో బిగిసినంత వరకే ఉంచి పిన్ను వెయ్యాలి. బలంగా బిగిస్తే కొత్త బేరింగు కూడా కాలిపోతుంది. బేరింగు నంబర్లు, సీలు నంబరు ట్రాలీ చట్రం మీద రంగుతో రాసి ఉంచాను. ఫోన్లో దాచుకున్న నంబరు బ్యాటరీ అయిపోయిన రోజు దొరకదు.

ఇంక జాకీ. బొలెరోతో వచ్చిన జాకీ ట్రాలీకి పనికొస్తుందనుకున్నాను. చక్రంలో గాలి పోయాక ఇరుసు కిందికి దిగుతుంది, అప్పుడు జాకీ దూరే సందే ఉండదు. ఈ సంగతి ఇంటి దగ్గరే గాలి తీసి చూసుకోండి. తర్వాత కొన్న బాటిల్ జాకీ డబ్బాలో పక్కకి పడి నూనె కార్చింది, రెండేళ్ళలో దాని కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడున్నది మర తిప్పే కత్తెర జాకీ, మరకి గ్రీజు పూస్తుంటే నాలుగేళ్ళుగా చక్కగా ఉంది. దాని కిందకి అడుగు చదరం చెక్కపలక తప్పనిసరి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో పలక లేకుండా జాకీ వేస్తే ట్రాలీ లేవదు, జాకీ దిగబడుతుంది. మా బొలెరో చక్రాల నట్లకీ ట్రాలీ నట్లకీ సైజు వేరు, అందుకే రెండు పానాలు. చక్రం మార్చాక 50, 60 కిలోమీటర్లు నడిచి ఆగి, నట్లు మళ్ళీ ఒకసారి బిగిస్తాను.

ట్రాలీ టైరు అరిగి పోదు, ఎండకి మగ్గి పోతుంది. రోడ్డుకి ఆనే పట్టీ కొత్తదానిలా కనిపిస్తున్నా టైరు పక్క గోడలు పగులుతాయి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. స్టెప్నీకీ అదే లెక్క చూడండి, వాడని టైరు కూడా ముసలిదవుతుంది.

లైట్ల విషయంలో నా అనుభవం ఒక్కటే: నూటికి తొంభై సార్లు తప్పు బల్బుది కాదు, ఎర్తు వైరుది. ఉప్పుగాలికి ఆ ఒక్క స్క్రూ పచ్చబడిపోతుంది. మూడు మీటర్ల వైరు, టేపు, ఫ్యూజులు, గరుకు కాయితం చాలు. నీళ్ళలోకి దించేముందు ప్లగ్గు పీకెయ్యాలి. సీలు చేసిన ఎల్‌ఈడీ లైట్లు పెట్టాక బాధ చాలా తగ్గింది.

పడవని ట్రాలీకి బిగించే రాచెట్ బెల్టుల్లో మొదటి జత, మామూలు ఇనుప పిడివి, ఒక్క ఏడాదిలో పళ్ళు పట్టుకోవడం మానేశాయి. డబ్బు పెట్టి స్టెయిన్‌లెస్‌వి కొన్నాను. అవి ఇంకా ఉన్నాయి, కానీ ఎండకి పట్టీ బిరుసెక్కింది, మార్చాలి. పడవని ట్రాలీ మీదికి లాగే వించి పట్టీని నమ్మి రోడ్డెక్కకండి. ముక్కుకి వేరే గొలుసు, వెనక రెండు బెల్టులు వేసుకోండి.

ఇంజన్ సామాను తక్కువే, కానీ ప్రతిదీ అవసరమే. రెండు స్పార్కు ప్లగ్గులు, ప్లగ్గు పానా, నీళ్ళలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లరు) నట్టు, వాషరు, పిన్ను. ఇంజన్‌ని చల్లబరిచే నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లరు) ఒకటి, ఎందుకంటే మొగలో ఇసుక నీటికి అది తొందరగా అరుగుతుంది. నీళ్ళు పట్టే పెట్రోలు ఫిల్టరు రెండు. పెట్రోలులో ఇథనాల్ కలపడం మొదలయ్యాక ఫిల్టరులో నీళ్ళు చేరడం ఎక్కువగా చూస్తున్నాను, చేత్తో నొక్కే పంపు గొట్టం కూడా పగిలింది. అదీ ఒకటి ఎక్కువ పెట్టుకున్నాం. పడవ అడుగున నీళ్ళు వదిలే కన్నానికి పెట్టే బిరడా ఇంకొకటి ఇంజన్ తాళంతో కలిపి కట్టాను. బిరడా మర్చిపోయి పడవ దింపినవాళ్ళని కళ్ళారా చూశాను.

ఇదంతా పెట్టడానికి మొదట ఇనుప పెట్టె కొన్నాను. ఏడాదిన్నరకి అడుగు ఊడిపోయింది. మెరుపు పూత పానాల సెట్టూ అంతే, పూత లేచి చేతికి గుచ్చుకునేది. ఇప్పుడు వాడేది 20 లీటర్ల ఖాళీ రంగు డబ్బా, గట్టి మూత. పానాలు కావాల్సినవి ఆరే, గ్రీజు పూసి పాత లుంగీ ముక్కలో చుట్టి పెడతాను. తలకి కట్టుకునే లైటు ఆ డబ్బాలోనే, బ్యాటరీలు విడిగా.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో డబ్బా మొత్తం బోర్లించి ఒక్కొక్కటీ చూస్తాం. ఈసారి స్టెప్నీ టైరు తేదీ ఆరేళ్ళు దాటింది, బెల్టు పట్టీలు మార్చాలి. బావేమో డబ్బాలో రెండో హబ్బు కూడా ఉండాలంటున్నాడు. కుడిదీ ఎడమదీ ఒకే రాత్రి పోతే ఏం చేస్తామని అతని ప్రశ్న. కొనడానికే అనుకుంటున్నాను.