జైసల్మేర్ ఇసుక తిన్నెలు: ఫొటోల కోసమైతే సామ్ వద్దు, ఖురీ వెళ్ళండి

జైసల్మేర్ వెళ్ళేవాళ్ళలో ఎక్కువ మంది సామ్ తిన్నెలే చూసి వస్తారు. ఊరికి పడమరగా 40 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, తిన్నెలు రోడ్డు పక్కనే మొదలవుతాయి. పిల్లలతో వెళ్ళి, ఒంటె ఎక్కి, రాత్రి కల్బేలియా అనే రాజస్థానీ జానపద నాట్యం చూసి రావడానికి అంతకన్నా సులువైన చోటు లేదు. కానీ కెమెరా పట్టుకుని వెళ్ళేవాళ్ళు మాత్రం అక్కడ బస చేయొద్దని గట్టిగా చెప్తాను.

సాయంత్రం జనం ఎలాగూ ఉంటారు. అసలు ఇబ్బంది వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలేదానితో. తిన్నె ఫొటోకి ప్రాణం దాని అంచు. ఒకవైపు వెలుగు, ఇంకోవైపు నీడ, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత. ఆ అంచు మీద ఒక్కరు నడిచినా గీత చెదిరిపోతుంది, మళ్ళీ గాలి వీచి సర్దేదాకా తిరిగి రాదు. చలికాలం రాత్రుళ్ళు చాలాసార్లు గాలి పెద్దగా ఉండదు. అందుకే సాయంత్రం పడిన అడుగులు, జీపు చక్రాల గుర్తులు తెల్లారేసరికీ అలాగే ఉంటాయి. ‘పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది’ అన్న సలహా సామ్ విషయంలో సగమే నిజం.

అక్కడ మేం దిగిన క్యాంపులో సౌకర్యాలకు లోటు లేదు. టెంట్‌లోనే బాత్‌రూమ్, వేడినీళ్ళు, మంచి పరుపు. కానీ డీజే అర్ధరాత్రి దాకా మోగింది. పొద్దున చీకట్లో బయల్దేరుతాం, టీ కావాలని ముందే చెప్పినా వంటవాళ్ళు లేవలేదు. అక్కడి పనంతా సాయంత్రం చుట్టూనే తిరుగుతుంది, మనకు కావలసింది తెల్లవారుజాము.

ఖురీ అలా కాదు. జైసల్మేర్‌కి నైరుతిగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె ఇది. ఊరి చివర ఇళ్ళు అయిపోగానే ఇసుక మొదలవుతుంది. ఇక్కడా సాయంత్రం ఒంటెలు, జీపులు వస్తాయి, అయితే అన్నీ ఊరికి దగ్గరి తిన్నెల మీదే ఆగిపోతాయి. ఇంకో అరగంట నడిస్తే అడుగుజాడ కనిపించలేదు. ఎత్తులో సామ్ తిన్నెలే కాస్త ఘనంగా కనిపిస్తాయి, అది ఒప్పుకోవాలి. కానీ తొక్కని చిన్న తిన్నె ఇచ్చే ఫొటో తొక్కిన పెద్ద తిన్నె ఇవ్వదు.

మేం ఉన్నది మట్టి గోడలు, గడ్డి కప్పు ఉన్న గుండ్రటి గుడిసెలో. బాత్‌రూమ్ విడిగా ఉంది, వేడినీళ్ళు బకెట్‌తో ఇచ్చారు. జనవరి చలికి రెండు రజాయిలు కప్పుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇది కష్టమే. భోజనం మాత్రం క్యాంపు బఫే కంటే చాలా బాగుంది. కట్టెల పొయ్యి మీద సజ్జ రొట్టె, నెయ్యి, కేర్ సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే జమ్మి కాయలే. మనం దసరాకి పూజించే ఆ జమ్మి తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం. అక్కడ దాని కాయల్ని ఎండబెట్టి ఏడాది పొడవునా వండుకుంటారు.

ఒంటె నడిపే అతనితో ముందే మాట్లాడుకున్నాం: “భాయీ, మేం ఎక్కం, సామాన్లు మోస్తే చాలు. మీరు తిన్నె ఎక్కకుండా కింది నుంచే రండి.” అతనికి వెంటనే అర్థమైంది. పైగా మేం అడగకుండానే, “సాబ్, ఎండ అటునుంచి వస్తుంది, మీరు ఇటు తిరిగి ఎక్కండి” అని దారి చూపించాడు. అతనికి మాట్లాడుకున్నదాని మీద ఇంకొంత ఇచ్చాం. ఈ ట్రిప్పులో మాకు దొరికిన మంచి సర్వీసు అదే.

జనవరిలో అక్కడ సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో. ఆరుంపావుకి బయల్దేరితే టెన్షన్ లేకుండా చేరొచ్చు. ఎండ పక్క నుంచి, చాలా కిందుగా పడుతున్నంతసేపే ఇసుక అలలకు నీడలుంటాయి. గంట దాటితే అంతా చదునుగా కనిపిస్తుంది. ఆ వెలుగులో అంచు వెంబడి ఒక పురుగు నడిచి వెళ్ళిన జాడ దొరికింది. మధ్యలో సన్నటి చార, రెండు పక్కలా సూదితో గుచ్చినంత చుక్కలు. మోకాళ్ళ మీద కూర్చుని తీస్తే, అల పైభాగంలో రేణువులు ముతకగా, పల్లంలో మెత్తగా ఉండటం కూడా ఫొటోలో వచ్చింది.

ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్‌తో తీయాలంటే మన ఎదుట ఉన్న నేలంతా శుభ్రంగా ఉండాలి. కాస్త తొక్కిన చోట దూరాన్ని దగ్గర చేసే 70-200 మి.మీ. లాంటి టెలీ లెన్సే ఆదుకుంటుంది. దూరపు అంచుల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చి చూపిస్తుంది, కింది అడుగుల్ని ఫ్రేమ్‌లోంచి తీసేస్తుంది. ఎండ పెరిగాక కెమెరా ఇసుకని నల్లబరుస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఒక స్టాప్ దాకా, అంటే రెట్టింపు దాకా పెంచాలి. లెన్స్ మాత్రం తిన్నె మీద మార్చకండి. రెండు కెమెరా బాడీలు లేకపోతే ఆ పొద్దుకి ఒక్క లెన్స్‌తోనే సరిపెట్టుకోండి. ఇసుక పడితే గుడ్డతో తుడవకండి, ముందు బ్లోయర్‌తో ఊదండి. ఇది సరిహద్దు జిల్లా, డ్రోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

ఈ చుట్టుపక్కల చాలా భూమి 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కు కిందికి వస్తుంది. ‘ఎవరూ వెళ్ళని తిన్నెలు చూపిస్తా’ అని జీపువాళ్ళు పిలిస్తే, అనుమతి ఉందా అని అడిగి మరీ ఎక్కండి. బట్టమేక పిట్టకి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) దేశంలో మిగిలిన పెద్ద దిక్కు ఈ నేలే. కర్నూలు వైపు రోళ్ళపాడులో ఆ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టుకుని కూడా దాన్ని దాదాపు పోగొట్టుకున్నాం. అది నేల మీదే గుడ్డు పెడుతుంది. దారి వదిలి గడ్డిలోంచి జీపు తోలించడం ఏ ఫొటో కోసమైనా తగదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళొచ్చు. డిసెంబరు నెలాఖరు సెలవులు, మాఘ పౌర్ణమి ప్రాంతంలో జరిగే మరు మహోత్సవం రోజులు తప్పించండి. అప్పుడు గదుల రేట్లు పెరుగుతాయి, ఖురీ కూడా నిండుతుంది. జైసల్మేర్ నుంచి కారు మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్ రాత్రి బస ఖర్చు అందులో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి.