క్యాంపర్ వ్యాన్‌లో డీసీ-డీసీ చార్జర్: చాన్నాళ్లు వాడాక నా మాట

మాది బీఎస్-6 డీజిల్ వ్యాన్. దాన్ని క్యాంపర్‌గా, అంటే లోపలే ఉండి పడుకునేలా మార్చినవాళ్లు బండి బ్యాటరీకీ వెనకున్న 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీకీ మధ్య ఒక రిలే పెట్టి ఇచ్చారు. బెంగళూరు నుంచి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ చేరేదాకా ఇంజిన్ నడిచినా వెనక బ్యాటరీ సగం కూడా ఎక్కేది కాదు. రాత్రి ఫ్రిజ్ ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే అన్నారు వర్క్‌షాపులో. అదే బ్యాటరీ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఈ తరం బళ్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) ఉంటుంది. బండి బ్యాటరీ నిండితే చాలు, ఇంధనం ఆదా కోసం ఓల్టేజీని 13 దరిదాపులకో, ఇంకా కిందకో దించేస్తుంది. వెనకున్న మా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిగ్గా నిండాలంటే 14.2 నుంచి 14.6 ఓల్టులు కావాలి. రిలే ఉత్త స్విచ్చే, వచ్చిన ఓల్టేజీని పెంచలేదు. డీసీ-డీసీ చార్జర్ పెంచుతుంది. 30 ఆంపియర్లది పెట్టించాం. మూడు గంటలు హైవే మీద నడిస్తే ఖాళీ బ్యాటరీ దాదాపు నిండుతోంది.

అయితే చార్జర్ ఒక్కటే కొంటే సరిపోదు, వైరు సంగతి చూడాలి. 30 ఆంపియర్లు బయటికివ్వాలంటే అది లోపలికి 40 దాకా లాగుతుంది. 6 స్క్వేర్ ఎంఎం వైరు పోనూ రానూ 12 మీటర్లుంటే దారిలోనే 1.4 ఓల్టుల దాకా పోతాయి. అప్పుడు తనకందే ఓల్టేజీ పడిపోయేసరికి ఇంజిన్ ఆగిపోయిందనుకుని చార్జర్ తనంతట తానే ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మాకు మొదట్లో జరిగింది ఇదే. 25 స్క్వేర్ ఎంఎం కేబుల్ బెంగళూరు జేసీ రోడ్డులో తీసుకుని, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) గట్టిగా నొక్కించి, ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకించాక ఆ గొడవ పోయింది. రెండు చివర్లా ఫ్యూజులు తప్పనిసరి, ఇందులో పిసినారితనం వద్దే వద్దు.

మీకూ ఇదే ఇబ్బంది ఉంటే ఏదైనా కొనేముందు మల్టీమీటర్ పట్టుకోండి. ఇంజిన్ నడుస్తూ, చార్జింగ్ జరుగుతుండగా బండి బ్యాటరీ దగ్గర, తర్వాత వైరు వెనక చివర, ఆఖరున వెనక బ్యాటరీ దగ్గర ఓల్టేజీ చూడండి. ఎక్కడ పడిపోతే తప్పు అక్కడ. చార్జింగ్ జరగనప్పుడు, అంటే లోడు లేకుండా కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

లోపాలున్నాయి. చార్జర్ బాగా వేడెక్కుతుంది. సీటు కింద మూసేసిన పెట్టెలో ఉన్నప్పుడు, మే నెలలో గండికోట వెళ్తే కరెంటు తగ్గించేసుకుంది. గాలి ఆడేచోటికి మార్చాక నయం. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఐడిల్‌లో నిలబడితే మాత్రం పెద్దగా ఆశించకండి, ఆ వేగంలో ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ.

పాత బండి, వెనక కూడా లెడ్ యాసిడ్ బ్యాటరీయే అయితే దీనికి డబ్బు పెట్టకండి. మంచి రిలే, లావు వైరు చాలు.