ఇంజన్ ఆయిల్ లీకుకు యూవీ డై: మూడేళ్లు వాడాక

క్లచ్ హౌసింగ్ కింద ఆయిల్ చుక్క కనబడితే చాలు, షెడ్డులో వినబడే మాట ఒకటే: "వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి." అంటే ఇంజన్ వెనక చివర ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు పోయిందని. సరే అని బండి అప్పగించేముందు ఇంజన్ ఆయిల్‌లో పాతిక మిల్లీలీటర్ల యూవీ డై, అంటే అతినీలలోహిత టార్చ్ వెలుతురులో మెరిసే రంగు, పోసి చూడండి. ఈ చిన్న సీసా అంటే నాకింత ఇష్టం ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

కారు 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది. తడి సరిగ్గా ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటే ఉంది. చూసిన వాళ్లెవరైనా వెనక సీలే అంటారు. డై పోసి నలభై కిలోమీటర్లు తిప్పి, రాత్రి సెల్లార్‌లో లైట్లార్పి టార్చ్ కొడితే కింది తడి మెరిసింది. దాన్ని పట్టుకుని పైకి వెళ్తే బ్లాక్ పక్కనుంచి చిటికెన వేలంత వెడల్పున పసుపుపచ్చ గీత ఒకటి. హెడ్ దాటి, ఇంజన్‌కు పైమూతలా ఉండే ట్యాపెట్ కవర్‌కు గేర్‌బాక్స్ వైపున్న మూల దగ్గర ఆగింది. అక్కడి ప్యాకింగ్ ఎండి గట్టిపడింది, గోరుతో నొక్కినా దిగడం లేదు. పైన కారిన ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకే చుక్క పడ్డ చోటును వదిలేసి, మెరుపు అన్నిటికంటే ఎత్తులో ఎక్కడ మొదలైందో వెతకాలి. గేర్‌బాక్స్ దించాల్సిన పని ఒక రబ్బరు ప్యాకింగ్‌తో తీరిపోయింది.

అయితే డై పోసే ముందు కడగడంలోనే సగం పని ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌కూ ఇగ్నిషన్ కాయిల్స్‌కూ ప్లాస్టిక్ కవరు చుట్టి, డీగ్రీజర్‌తోనో డీజిల్‌తోనో బ్రష్ పెట్టి జిడ్డు వదిలించాలి. పెట్రోల్ జోలికి వెళ్లొద్దు. ఇంజన్ కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉంటే ఊడదీయాలి, లేదంటే కారిందంతా అందులోనే దాగిపోతుంది. పూర్తిగా ఆరాకే స్టార్ట్ చేయాలి. డై కొలత నాలుగు లీటర్ల ఆయిల్‌కు సుమారు 30 మిల్లీలీటర్లు. ఆయిల్‌తో కలిసే రకమే కొనాలి, కూలెంట్ కోసం అమ్మేది వేరు. పోసేటప్పుడు ఒక్క చుక్క కవర్ మీద ఒలికినా, అదే చేత్తో పైపు ముట్టుకున్నా రాత్రికి అన్నీ మెరుస్తాయి, ఏది లీకో తెలియదు. గ్లౌజులు తొడుక్కుని, గరాటుతో పోసి, వెంటనే మార్చేయండి ఆ గ్లౌజులు. ఇంకో చిక్కుంది. ఆకుపచ్చ కూలెంట్లలో చాలావాటికి యూవీ కింద మెరిసే గుణం ముందే ఉంటుంది. వాటర్ పంపు దగ్గర మెరుపు కనబడితే వేలితో తాకి జిడ్డో నీళ్లో చూసుకోవాలి.

ఇంతవరకూ పొగిడాను. ప్యాకింగ్ మార్చిన ఐదు నెలలకు అదే మూల మళ్లీ మెరిసింది. డై అబద్ధం చెప్పలేదు. లీకు ఎక్కడో చూపించింది, ఎందుకో చెప్పడం దానివల్ల కాదు. అసలు కారణం పీసీవీ వాల్వ్. పిస్టన్ రింగుల పక్కనుంచి కింద క్రాంక్ చాంబర్‌లోకి దిగే గ్యాసును ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది. మడ్డి పట్టి బిగుసుకుపోతే గ్యాసుకు దారి ఉండదు, ఒత్తిడి పెరిగి ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఫిల్లర్ నోటికి పల్చటి రబ్బరు గ్లౌజు తొడిగి చూడండి. కాస్త లోపలికి లాక్కుంటే మంచిదే, బుడగలా ఉబ్బితే అనుమానించాల్సిందే. వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపితే టకటకమనాలి. ఇది మూగగా ఉండిపోయింది. వాల్వ్ మార్చి, దాని పైపు కడిగి, మళ్లీ కొత్త ప్యాకింగ్ వేస్తే అప్పుడు ఆగింది. ఒకవేళ వాల్వ్ బాగుండి గ్లౌజు ఇంకా ఉబ్బుతుంటే రింగులు అరిగాయేమో చూడాలి.

ఈసారి ప్యాకింగ్ కూర్చునే అంచును ఆయిల్ తడి లేకుండా తుడిచి, టైమింగ్ కవర్ అతుకు వచ్చే మూలల్లో బఠాణీ గింజంత సిలికాన్ పెట్టి, బోల్టులు మధ్యనుంచి బయటికి రెండు విడతల్లో బిగించాను. ఈ ఎం6 బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చాలు. మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. గట్టిగా పట్టాలని ఇంకా తిప్పితే ప్లాస్టిక్ కవర్ వంగి, లీకు ఎక్కువవుతుంది. పని అయ్యాక పాత గీతను కూడా కడిగేయాలి. కడగకపోతే అది వారాల తరబడి మెరుస్తూ కంగారు పెడుతుంది.

కాలిపోయే ఆయిల్ విషయంలో డై దాదాపు నిరుపయోగం. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు వేసుకుంటే లీటరుకు ఇరవై వేల చుక్కలు, అంతా బయటికే కారితే దాగదు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు తగ్గుతూ, నేల మీద రూపాయి బిళ్లంత మరక, ఇంజన్ కింద కాస్త చెమ్మ మాత్రమే ఉంటే చూడాల్సింది సైలెన్సర్ వైపు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే హెడ్‌లోని వాల్వ్ సీళ్ల మీద, ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి.

నాకు కలిసొచ్చింది చీకటి సెల్లార్, తీరికగా ఉన్న రాత్రులు. వీధిలో దీపం కింద బండి పెట్టుకునేవారికి ఇంత స్పష్టంగా కనబడకపోవచ్చు. డీజిల్ బండైతే మసిపట్టిన ఆయిల్‌లో మెరుపు మందగిస్తుంది, ఆయిల్ మార్చిన వెంటనే పోసి చూడటం మేలు. వారంటీలో ఉన్న బండికి మాత్రం ఏమీ కలపకుండా సర్వీసు సెంటర్‌కే వదిలేయండి. సీసాతో పాటు వచ్చిన 395 నానోమీటర్ల టార్చ్ ఊదారంగు వెలుతురే ఎక్కువ చిమ్ముతుంది. 365ది విడిగా కొన్నాకే సన్నటి గీతలు కూడా కనబడ్డాయి.