నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా: చెన్నై తాబేళ్ల నడకపై సమీక్ష

చెన్నై తీరంలో జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా, శుక్ర, శనివారాల రాత్రుల్లో, సముద్ర తాబేళ్ల గూళ్ళు వెతుకుతూ సాగే ‘తాబేళ్ల నడక’కు వెళ్ళవచ్చునా అని అడిగే మిత్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. నేను నడిచిన రాత్రి ప్రాణంతో ఉన్న తాబేలు ఒక్కటీ కనిపించలేదు. అయినా ఈ నడకను నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

దీనిని నిర్వహించేది స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద బృందం. 1970లలో పాముల నిపుణుడు రోములస్ విటేకర్, సముద్ర తాబేళ్ల పరిశోధకుడు సతీశ్ భాస్కర్ వంటివారు మద్రాసు తీరంలో రాత్రిళ్ళు నడిచి గుడ్లను కాపాడే పనికి పునాది వేయగా, 1988 నుంచి ఆ బాధ్యతను విద్యార్థులు తలకెత్తుకున్నారు. ఇప్పుడు వారితో పాటు ఉద్యోగులు, ఉద్యోగ విరమణ చేసినవారు కూడా నడుస్తున్నారు. సందర్శకులు వచ్చేది వారంలో రెండు రాత్రులే గాని, సీజను సాగినన్నాళ్ళూ మిగతా రాత్రుల్లోనూ కార్యకర్తలు తీరాన్ని గాలిస్తూనే ఉంటారు.

నడకకు ముందు, ఈ తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ల జీవితం గురించి వివరంగా చెబుతారు. వివరణ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ సాగుతుంది. తమిళులు ఈ తాబేలును ‘పంగుని ఆమై’ అంటారని అక్కడే విన్నాను. ‘ఆమై’ అంటే తాబేలు. పంగుని మాసం మన ఫాల్గుణ చైత్రాలకు దగ్గరగా వస్తుంది. జంతువుకు అది ఒడ్డుకు వచ్చే నెల పేరే పెట్టుకున్న జాలరుల చూపు నాకు ఎంతో నచ్చింది.

రాత్రి 11 గంటలు దాటాక నీలాంకరైలో బయలుదేరి, పాలవాక్కం, కొట్టివాక్కం, తిరువాన్మియూరు మీదుగా బీసెంట్ నగర్ చేరేసరికి దాదాపు 7 కిలోమీటర్లు అవుతుంది. దారంతా ఇసుకే కనుక, రోడ్డు మీద 7 కిలోమీటర్లు నడిచే అలవాటు ఉన్నవారికి కూడా పిక్కలు పట్టేస్తాయి. టార్చి వేయకూడదు, ఫ్లాష్‌తో ఫోటోలు తీయకూడదు, బృందం నాయకుణ్ణి దాటి ముందుకు పోకూడదు. ఈ నియమాలను కార్యకర్తలు ఓపికగా పదేపదే గుర్తుచేస్తున్నా, మాతో వచ్చినవారిలో కొందరు ఫోన్లు వెలిగిస్తూనే ఉండడం నాకు చాలా బాధ కలిగించింది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తల్లి, వెలుతురుకు బెదిరితే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది.

కొట్టివాక్కం దాటాక ముందు నడుస్తున్న అమ్మాయి చెయ్యెత్తి అందరినీ ఆపింది. సముద్రం నుంచి పైకి, మళ్ళీ సముద్రంలోకి, దాదాపు రెండడుగుల వెడల్పున తాబేలు జాడ ఉంది. ఎడమ రెక్క గుర్తు ఒకచోట, కుడి రెక్క గుర్తు దానికి కాస్త ముందు. ఆలివ్ రిడ్లే నడకే అలా ఉంటుందట. తల్లి వెళ్ళిపోతూ తన ఒంటితో ఇసుకను దిమ్మిస కొట్టినట్టు అదిమి, పైన చెల్లాచెదురు చేస్తుంది కాబట్టి గూడు ఎక్కడో తెలియదు. కార్యకర్త సన్నని కర్రను మెల్లగా గుచ్చుతూ, ఇసుక మెత్తగా దిగిన చోటు వెతికి పట్టాడు. తరువాత బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా గూటిలోకి దించి, గుడ్లను ఒక్కొక్కటిగా తీశాడు. పింగ్‌పాంగ్ బంతి పరిమాణంలో, తోలులా మెత్తని పెంకుతో ఉన్న ఆ గుడ్లు లెక్కకు 114 వచ్చాయి. గూటి లోతు కొలిచి రాసుకున్నారు. గుడ్లను తెచ్చి పాతి, పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీలోనూ అంతే లోతుగా, కుండ ఆకారంలోనే గొయ్యి తీయాలి.

గుడ్లను తల్లి పెట్టిన చోటి నుంచి కదిలించడం మంచిదేనా అన్న సందేహం నాకు ముందు నుంచీ ఉంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. కాబట్టి చోటు మార్చడం చిన్న విషయం కాదు. అయితే ఈ తీరంలో కుక్కలు గూళ్ళు తవ్వేస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రపు వెలుగనుకుని వీధి దీపాల వైపు పాకి చనిపోతాయి. ఇంత వెలుతురున్న నగరంలో హేచరీ తప్పనిసరి అనే నా అభిప్రాయం. మన విశాఖ తీరానికీ ఇదే వర్తిస్తుంది. జనసంచారం, దీపాలు లేని తీరాల్లో మాత్రం గూటిని ఉన్నచోటనే కాపలా కాయడం మేలు.

తిరువాన్మియూరు దగ్గర చనిపోయిన తాబేలును చూశాము. ఒంటి మీద గాయం లేదు. ఊపిరి కోసం నీటిపైకి రావలసిన ఈ జీవి ట్రాలర్లనే పెద్ద మరపడవల వలల్లో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాలకు ఇలాంటి కళేబరాలు వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. ఒడ్డున గుడ్లను ఎంత జాగ్రత్తగా కాపాడినా, తాబేళ్లు బయటపడే వీలున్న వలలు సముద్రంలో వాడకపోతే ఆ శ్రమలో సగం వృథా అవుతుంది. కార్యకర్తలు ఈ విషయాన్ని దాచకుండా, ఆ కళేబరం పక్కనే నిలబడి చెప్పారు. కళేబరాన్ని కొలిచి, వివరాలు నమోదు చేశాకే ముందుకు కదిలారు.

బీసెంట్ నగర్ హేచరీలో మా 114 గుడ్లకు గొయ్యి తీసి, తేదీ రాసిన గుర్తు పాతేసరికి తెల్లవారుజామున 4 గంటలు దాటింది. అక్కడికి నలభై తొమ్మిదో రోజు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఆ గొయ్యిలోంచి వచ్చిన పిల్లలను అల తాకే చోటికి కాస్త దూరంలో వదిలారు. నీటి దాకా వాటంతట అవే పాకాలి. మొదటి అల కొన్నింటిని వెనక్కి తోసేసింది. అవి తలలు తిప్పుకుని మళ్ళీ సముద్రం వైపే బయలుదేరాయి.

ప్రవేశ రుసుము లేదు. ఇష్టమున్నవారు విరాళం ఇవ్వవచ్చు. ముదురు రంగు బట్టలు వేసుకుని, నీళ్ళ సీసా వెంట తీసుకువెళ్ళండి. అంత దూరం నడవలేని పెద్దలు, పసిపిల్లలున్నవారు రాత్రి నడకకు బదులు, తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే రోజుల్లో సాయంత్రం హేచరీకి వెళ్ళడం మంచిది.