1965 మస్టాంగ్ కన్వర్టిబుల్: పాత ఇంజనా, కొత్తదా?

కప్పు మడిచిన 1965 ఫోర్డ్ మస్టాంగ్‌ను చూస్తే నాకిప్పటికీ కళ్లు చెదురుతాయి. చిక్కంతా ఇంజను దగ్గరే: పాతదే ఉంచాలా, కొత్తది బిగించాలా?

శక్తి: పాత 289 వి8 (289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజను) మామూలు రకానికి 200 హార్స్‌పవర్. 2011లో మస్టాంగ్‌కు వచ్చిన 5.0 లీటర్ ‘కొయోటీ’ ఇంజనుకు 412.

ఖర్చు: పాతదాని కార్బ్యురేటర్‌ను ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకోవచ్చు. కొయోటీ అయితే ఇంజనుతో సరిపోదు. వైరింగు, గేర్‌బాక్సు, బ్రేకులు కూడా మార్చాలి.

ప్రమాదం: ఇక్కడ ఆగి ఆలోచించండి. కొయోటీ బాగా వెడల్పు. అది పట్టాలంటే ముందువైపు సస్పెన్షన్‌ను (చక్రాల కుదుపును మింగే అమరికను) మోసే షాక్ టవర్లను సాధారణంగా కోసేస్తారు. కోశాక మళ్లీ అసలు రూపం తేవడం చాలా కష్టం. పైగా కప్పు లేని బాడీ మెలిపడుతుంది, అడుగున బలం పెంచాల్సిందే. పాతదానిలో భయమల్లా డ్రమ్ బ్రేకులతోనే.

ఎవరికి ఏది: అసలు ఇంజనుతో ఉన్న కారును, ముఖ్యంగా 271 హార్స్‌పవర్ ‘కె’ కోడ్‌ను (289లోనే ఎక్కువ శక్తి గల రకాన్ని), దయచేసి కోయకండి, ముందువైపు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించి నడపండి. ఇంజను ఎప్పుడో పోయిన బాడీతో దూర ప్రయాణాలు చేయాలంటే కొయోటీ.