పాత ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? ముందు వేగం కొలిపించండి

మన నల్లగొండ, పాలమూరు వైపు పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ (షూటింగ్ పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్) వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. కొత్తది లక్షల్లో పలుకుతుంది కాబట్టి చాలామందిమి పాతదే చూస్తాం. మా అన్న కూతురికి కూడా హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర అలాగే తీసుకున్నాం. "ఫుల్ స్పీడ్ ఉంది సార్" అంటూ మా ముందే రేకు డబ్బాకు చిల్లు పెట్టి చూపించాడు.

10 మీటర్ల పోటీలో ఆ స్పీడుతో పని లేదు. మ్యాచ్ రైఫిళ్లు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతోనే కొడతాయి. కావలసింది ప్రతి షాట్‌కూ అదే వేగం రావడం.

మా పాప టార్గెట్ కార్డుల మీద షాట్లు పక్కలకు పోవడం లేదు, నిలువుగా గీత గీసినట్టు కిందికీ పైకీ పడుతున్నాయి. కాసేపు ఆగి కొడితే మొదటిది తప్పకుండా పైకే. డీలర్‌కు ఫోన్ చేస్తే "అమ్మాయి ఊపిరి బిగబట్టడం లేదు, ప్రాక్టీస్ చేయించండి" అన్నాడు. ఆ పిల్ల అది నిజమే అనుకుని ఎంత టెన్షన్ పడిందో! నాకు డబ్బు కన్నా ఆ బాధే ఎక్కువ.

చివరికి కోచ్ రైఫిల్‌ను స్టాండుకు బిగించి, క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) పెట్టి కొట్టారు. మనిషి చెయ్యి తగలకపోయినా వేగం 164 నుంచి 172 దాకా ఊగుతోంది. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 10 మీటర్లు చేరేసరికి దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. సైటు సరిచేసేది ఆ దిగుడుకే. వేగం ఇంత మారితే దిగుడు ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పేమో అర మిల్లీమీటరే! పాయింట్లలో చూస్తే అది 0.6 తేడా. 60 షాట్ల క్వాలిఫికేషన్‌లో 0.1 తేడాతో ఫైనల్ పోతుంది, ఇక 0.6 సంగతి చెప్పాలా? గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పాడైందని కోచ్ తేల్చారు.

ఆ డీలర్ ఇచ్చిన పెల్లెట్ల డబ్బాలో కూడా సగం అంచులు నలిగినవే. అలాంటివి ఒక్కోటి ఒక్కో దారిన పోతాయి.

రైఫిల్‌కు గాలి నింపే సిలిండర్ మీద ముద్రించిన తేదీ కూడా చూడండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని గడువు పదేళ్లకు మించకూడదు, ఆ బాధ్యత షూటర్‌దే. మాకు అమ్మిన దాని మీద తేదీ గీకేసి ఉంది.

డబ్బు వాపసు ఇవ్వనన్నాడు, బిల్లు కూడా తెల్ల కాగితం మీద రాసిచ్చిందే. మీరు మాత్రం రైఫిల్‌ను రేంజ్‌కు తెప్పించి, క్రోనోగ్రాఫ్ మీద వరుసగా పది షాట్లు, పావుగంట ఆగి మళ్లీ ఒకటి కొట్టించండి. దానికి ఒప్పుకోని మనిషికి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.