నాలుగు చోట్ల పగలగొట్టి చూశాకే కొన్న ఇల్లు: విజయనగరంలో ఒక మరమ్మతు సంస్థ పనితనంపై సమీక్ష

విజయనగరం తోటపాలెంలో మూడు సెంట్ల స్థలంలో, అంటే దాదాపు 145 గజాల్లో, 1986లో కట్టిన ఒక దాబా ఇంటిని నేనూ నా భార్యా కిందటి ఏడాది కొన్నాం. మా ఇద్దరికీ ఇదే మొదటి సొంత ఇల్లు. కొత్త ఫ్లాటుకు మా జీతాలు చాలవు కాబట్టి మరమ్మతులున్న ఇల్లే కొనాలని ముందే అనుకున్నాం. కొనకముందు పరిశీలనకూ, కొన్న తరువాత మరమ్మతుకూ ఈ ఊళ్లోనే ఉన్న ఒక గుత్తేదారు సంస్థను పెట్టుకున్నాం. వారికి ఇవ్వవలసిన ఆఖరి సొమ్ము ఇంకా నా దగ్గరే ఉంది, ఒక గోడ సంగతి తేలవలసి ఉంది, అందువల్ల ఇక్కడ పేరు రాయడం లేదు.

పాత ఇంటికి ఎస్టిమేట్ అడిగితే మొదట వచ్చినాయన పది నిమిషాలు తిరిగి, గోడను రెండుసార్లు వేలితో కొట్టి, నాలుగున్నర లక్షలన్నాడు. రెండో ఆయన స్నానాల గది పైకప్పు నుంచి పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుండటం చూసి, శ్లాబు మొత్తం కూల్చి కొత్తది వేయవలసిందేనని, పదకొండు లక్షలకు తగ్గదని తేల్చాడు. మూడోసారి పిలిచిన ఈ సంస్థ ఇంజనీరు మాత్రం అంకె చెప్పడానికే ఒప్పుకోలేదు. "తెరవకుండా లెక్క చెబితే అది అబద్ధమే అవుతుంది బాబూ" అని, నాలుగు చోట్ల పగలగొట్టి చూడటానికి ఆరు వేలు తీసుకుంటామని, పని తమకే ఇస్తే ఆ సొమ్మును బిల్లులో మినహాయిస్తామని చెప్పాడు. నా అనుభవంలో ఈ సంస్థ దగ్గర అన్నిటికంటే విలువైన సేవ ఇదే. అప్పటికి మేము బయానా మాత్రమే ఇచ్చి ఉన్నాం, రిజిస్ట్రేషన్ కాలేదు. ఇల్లు అమ్ముతున్న పెద్దాయన కాసేపు ఆలోచించి, మళ్లీ పూయించి వెళ్లాలనే షరతు మీద సరేనన్నారు.

నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ రోజు జరిగింది కొంచెం వివరంగా రాస్తాను. స్నానాల గది కప్పులో అరచేతి మేర ఉలితో చెక్కి, దుమ్ము ఊది, చిన్న స్ప్రే సీసాతో రంగులేని ద్రవమేదో చిమ్మారు. స్పిరిట్ వాసన రాగానే అది మా ప్రయోగశాలలో టైట్రేషన్‌కు వాడే ఫినాఫ్తలీన్ అని నాకు తెలిసిపోయింది. సిమెంటు కాంక్రీటుకు సహజంగా గట్టి క్షారగుణం ఉంటుంది, లోపలి ఇనుముకు అదే రక్ష. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గించేస్తుంది, అప్పుడు తడి తగిలితే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. క్షారం ఉన్నంత మేర ఈ ద్రవం ఎర్రబడుతుంది, పోయిన చోట రంగు రాదు. స్నానాల గదిలో చువ్వ దాటి లోపలికి వెళ్లినా రంగు రాలేదు. అదే హాలు కప్పులో చెక్కిన చోట పైపైన వేలి మందం మాత్రం తెల్లగా ఉండిపోయి, చువ్వ చుట్టూ బీట్‌రూట్ రసం చల్లినట్టు ఎర్రబడింది. అంటే శ్లాబు మొత్తం కూల్చనక్కరలేదు, స్నానాల గదీ, దాని పక్కన వంటగదిలో సగమూ బాగుచేస్తే చాలు. ఆ సీసా ఖరీదు ఎంతో నాకు తెలుసు కనుక, మిగతా ఇద్దరు గుత్తేదారులు దాన్ని ఎందుకు తేలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మిగతా రెండు చోట్లా కూడా దాచినవి బయటపడ్డాయి. పిట్టగోడ మొదట్లో ఒక పొడుగాటి చీలిక కనిపించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గోడ కదిలిందని, అప్పుడు పైపైన సిమెంటు రాయించి ఊరుకున్నామని పెద్దాయన నిజాయితీగా ఒప్పుకున్నారు. స్నానాల గది కప్పులోకి నీరు దిగే దారి అదే. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంజనీరు సంతకం పెట్టి ఇవ్వడంతో, దాన్ని ముందుపెట్టి మాట్లాడితే ధర రెండు లక్షలు తగ్గింది. బ్యాంకు పంపిన వాల్యూయర్ కూడా ఇంటిని చూసి వెళ్లాడు గానీ, ఆయన చూసేది అప్పుకు ఇల్లు సరిపోతుందా అని, ఇల్లు మనకు సరిపోతుందా అని కాదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చేతి నుంచే పెట్టుకోవలసిన మాకు ఆ రెండు లక్షలు చిన్న ఊరట కాదు.

మరమ్మతుకు వారిచ్చిన లెక్క 6,40,000 రూపాయలు, చివరకు అయింది 7,15,000. తేడాలో ఎక్కువ భాగం మేము మధ్యలో అడిగిన కిటికీలదే కాబట్టి దీనిపై ఫిర్యాదు లేదు. కప్పు పని చూడముచ్చటగా చేశారు. కింద సరుగుడు కర్రలు దగ్గర దగ్గరగా నిలబెట్టి, చువ్వ వెనక కూడా వేలు దూరేంత వరకు కాంక్రీటు చెక్కి, వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి, మరీ సన్నబడిన చోట కొత్త చువ్వ జతచేసి కట్టి, తుప్పు నిరోధక పూత ఆరిన తరువాతే పాలిమర్ కలిపిన మోర్టారు పొరలు పొరలుగా ఎక్కించారు. తాపీ మేస్త్రీ ఒక్క పొర కూడా తొందరపడి వేయలేదు. పిట్టగోడ మొదట్లో నీరు నిలవకుండా గుండ్రంగా గోళా తీసి, దాని మీద ఏడు రోజుల పాటు తడి గోనెసంచులు పరిచి ఉంచారు. కరెంటు పని వేరే వారికి అప్పగించారు, అది మామూలుగా ఉంది. కొత్త ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చూ పెట్టారు గానీ, వంటగది స్విచ్చుబోర్డు నా భార్య చేయి అందనంత ఎత్తులో బిగించి వెళ్లి మళ్లీ రాలేదు.

నా అసంతృప్తి రెండు విషయాల్లో. మొదటిది గడువు. ఆగస్టు 20న మొదలుపెట్టి రెండు నెలల్లో, కార్తీకం ముగిసేలోగా గృహప్రవేశం చేసుకోవచ్చన్నారు. పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమాను వచ్చిన వారమంతా పని ఆగిందంటే ఈ ఊరివాడిగా నేను ఏమీ అనను, దసరా తరువాతి మంగళవారం ఎవరు తాపీ పడతారు? కానీ వరి కోతలకు కూలీలు ఊళ్లకు వెళ్తారని ప్రతి ఏడూ చూసే సంస్థ, ఆ సంగతిని గడువులో లెక్కించకపోవడం అజాగ్రత్త. పని ముగిసేసరికి డిసెంబరు మూడోవారం వచ్చింది, వెనకే పుష్యం, మాఘం దాకా అద్దె ఇంట్లోనే ఉండి మూడు నెలల అద్దె అదనంగా కట్టాం.

రెండోది హాలు ఉత్తరపు గోడ. పునాది పైన తడిని ఆపే పొర లేని ఇల్లు ఇది, నేల చెమ్మ ఇటుకల గుండా పైకి ఎక్కుతుంది. దాన్ని ఆరనివ్వకుండానే నాలుగడుగుల ఎత్తు వరకు వాటర్‌ప్రూఫ్ రసాయనం కలిపిన సిమెంటుతో పూసి, నున్నగా పుట్టీ పెట్టి రంగు వేసేశారు. బయటకు వెళ్లే దారి మూసుకుపోయిన చెమ్మ పూత వెనకే ఇంకాస్త పైకి పాకింది. మేము దిగిన నెలకు అయిదడుగుల ఎత్తులో రంగు బుడగలు కట్టి, గోటితో గీస్తే తెల్లని ఉప్పు పిండిలా రాలింది. కప్పు దగ్గర అంత ఓపిక చూపిన మనుషులు గోడ దగ్గర ఎందుకు తొందరపడ్డారో అడిగితే, అప్పటికే ఆలస్యమైందని మీరే అన్నారు కదా అని మేస్త్రీ జవాబిచ్చాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఆ మాట ఇంజనీరు నాతో ముందే చెప్పి ఉంటే నేను ఇంకో నెల అద్దె కట్టేవాణ్ని.

ఒప్పందంలో అయిదు శాతం, అంటే 35,750 రూపాయలు, ఒక వానాకాలం గడిచాక ఇచ్చేలా రాయించుకున్నాను. పాత ఇల్లు బాగుచేయించుకునేవారు ఎవరైనా ఈ షరతు అడగవచ్చు, ఈ సంస్థ పేచీ లేకుండా ఒప్పుకుంది. మొన్నటి తొలకరికి స్నానాల గది కప్పు మీద మరక కూడా రాలేదు. గోడ విషయంలో ఇంజనీరు స్వయంగా వచ్చి తప్పు ఒప్పుకుని, సిమెంటు పూత మొత్తం చెక్కించి, ఇటుకలు ఆరాక సున్నం పూత వేయిస్తానని చెప్పి వెళ్లాడు. ప్రస్తుతం ఆ గోడ ఎర్ర ఇటుకలతో అలాగే ఉంది, సోఫా హాలు మధ్యలో ఉంది, చెక్కు మాత్రం అక్టోబరు, నవంబరు తుపాను వానలు దాటేవరకు బీరువాలోనే ఉంటుంది.